సిద్ధాంత నవలయు యౌవన పాఠకుడును: ‘ఏమి చేయవలెను?’ చరిత్ర

నవలకు సంఘప్రయోజనముండవలెనను భావము తెలుగునకు క్రొత్తది కాదు. 1878 నాటి రాజశేఖర చరిత్రముననే అది కానవచ్చుచున్నది. అయితే ప్రయోజనముగల నవల వేఱు, సిద్ధాంత నవల వేఱు. మొదటిదానియందు కథ నడచి యొక యభిప్రాయమునకు దారితీయును. రెండవదానియందు అభిప్రాయము ముందే సిద్ధమైయుండి, దానిని ఋజువుచేయుటకై పాత్రలు పుట్టుదురు. ఇట్టి గ్రంథము పదునాలుగు మొదలు ఇరువదియేండ్ల లోపలి పాఠకుని మిక్కిలి గట్టిగా పట్టుకొనును. ఆ పట్టు ఎట్లు సడలును? వయస్సు వచ్చినచో దానంతట నదియే సడలునని కొందఱును, మంచి విమర్శ చదివించినచో సడలునని మఱికొందఱును తలంతురు. ఈ రెండభిప్రాయములను పరీక్షించుటకు రష్యా సాహిత్యచరిత్రమున చక్కని నిదర్శనమొకటి కలదు. అది నికొలాయ్ చెర్నిషేవ్‌స్కీ రచించిన ‘ఏమి చేయవలెను?’ అను నవల.

చెర్నిషేవ్‌స్కీ 1828లో సరాతోవ్ పట్టణమున ఒక క్రైస్తవ పురోహితునకు జన్మించెను. ‘సొవ్రెమెన్నిక్’ అను పత్రికయందు ప్రముఖ విమర్శకుడై యుండగా 1862 జూలైలో ప్రభుత్వము ఆయనను బంధించి పీటర్స్‌బర్గు దుర్గమున నుంచెను. ఆ కారాగృహముననే 1862 డిసెంబరు మొదలు 1863 ఏప్రిల్ వఱకు ఈ నవల వ్రాయబడినది. విచారణాధికారుల చేతిమీదుగా వచ్చిన ప్రతియగుటచే పత్రికల పరిశీలకుడు అభ్యంతరము చెప్పలేదు. సంపాదకుడైన నెక్రాసొవ్ ఆ వ్రాతప్రతిని దారిలో పోగొట్టుకొని, వార్తాపత్రికలో ప్రకటనచేసి మరల సంపాదించెను. 1863లో మూడు సంచికలలో నవల వెలువడిన పిమ్మట గాని ప్రభుత్వము మేల్కొనలేదు. అప్పుడు విధించిన నిషేధము 1905 వఱకు సాగినది. కాని పత్రికనుండి చించి కుట్టిన ప్రతులును, చేవ్రాత ప్రతులును విద్యార్థుల చేతులు మాఱుచునే యుండెను. 1864లో సైబీరియాకు పంపబడిన రచయిత 1883లో గాని తిరిగి రాలేదు. చదువరికి గ్రంథమును గ్రంథకర్త త్యాగమును వేఱుచేసి చూచుట అసాధ్యమయ్యెను. నిషేధము ఫలింపకపోవుటకు ఇదియే ముఖ్యకారణము.

కథ సులభమైనది. తల్లి నిర్ణయించిన పెండ్లినుండి వేరా పావ్లొవ్నాను తప్పించుటకై లొపూహొవ్ అను వైద్యవిద్యార్థి ఆమెను వివాహమాడును. ఆమె ఒక కుట్టుపని శాలను స్థాపించి, లాభమును పనివారితో పంచుకొనును. కొంతకాలమునకు ఆమె మనస్సు భర్త స్నేహితుడైన కిర్సానొవ్ వైపు మఱలును. లొపూహొవ్ ఆత్మహత్య చేసికొన్నట్లు నటించి వారి దారినుండి తొలగిపోవును. తుదకు మాఱుపేరుతో తిరిగివచ్చి వేఱొక యువతిని వివాహమాడి వారికి ఇరుగుపొరుగై సుఖముగా నుండును. రహ్మేతొవ్ అను విప్లవకారుడు తన దేహదార్ఢ్యమును పరీక్షించుకొనుటకు మేకులపై పరుండును. ఈ లోకమున తర్కమునకు లొంగని దుఃఖము లేదు. తన మేలును పరులమేలును నిజముగా నెఱిగినవానికి ఒకటే యని రచయిత సిద్ధాంతము. ఇల్లు విడుచుటయా, మానుటయా యని తల్లడిల్లు యువకునకు ఇంతకంటె ఆశాజనకమైన మాట వేఱొకటి యుండునా?

ఆ మాటను నమ్మినవారు దానిని ఆచరణలో పెట్టిరి. 1863 శరత్కాలమున స్లెప్త్సొవ్ అను రచయిత పీటర్స్‌బర్గులో ఒక సమష్టి గృహమును స్థాపించెను. స్త్రీపురుషులు కలిసి నివసించి, వ్యయమును సమముగా భరించి, స్వతంత్రముగా జీవించుట దాని యుద్దేశము. ఒక సంవత్సరమైనను నిండకముందే అది విచ్ఛిన్నమయ్యెను. ఇంటిపని యెవరిది, ఖర్చు యెవరిది యను చిన్న ప్రశ్నలే దానిని కూల్చినవి. నవలను చూచి వెలసిన కుట్టుపని శాలలలో పెక్కింటిది కూడ ఇదే గతి. కుట్టుపనియు వ్యాపారమును తెలియనివారు కేవలము సదాశయముతో వానిని నడుపబూనిరి. నవలలో లెక్కలెప్పుడును తప్పవు, అంగడిలో తప్పును.

ఇంతకంటె లోతైన ఉదాహరణము గణితశాస్త్రవేత్త్రి సోఫియా కొవలేవ్‌స్కాయా జీవితము. నాటి రష్యాలో విశ్వవిద్యాలయములు స్త్రీలకు మూయబడియుండెను. అవివాహిత తండ్రి యనుమతి లేక విదేశములకు పోజాలదు. కావున 1868లో పదునెనిమిదవ యేట ఆమె వ్లాదిమిర్ కొవలేవ్‌స్కీని నామమాత్రముగా వివాహమాడెను. వేరా కథవలెనే ఇది విముక్తికై జరిగిన వివాహము. ఆ మార్గముననే ఆమె జర్మనీకి పోయి, 1874లో గ్యోటింగెన్ విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము నందెను. కాని నామమాత్రమైన బంధము కాలక్రమమున నిజమైన దాంపత్యమయ్యెను. 1878లో కుమార్తె జన్మించెను. వ్యాపారమున చితికిన వ్లాదిమిర్ 1883లో ఆత్మహత్య చేసికొనెను. నవలలో ఆత్మహత్య నటన, ఇచట నిజము. కారణములు వేఱైనను ఈ భేదము గమనింపదగినది. సోఫియా తన యౌవనాశయములను నిందింపలేదు. పిమ్మట తానే ‘నిహిలిస్టు యువతి’ యను చిన్న నవలను వ్రాసి, అందలి నాయికకు వేరా యనియే పేరుపెట్టెను. ప్రశ్నను విడువక సమాధానమును విడుచుట యనగా నిదియే.

ఇక విమర్శ సంగతి. దొస్తొయేవ్‌స్కీ 1864లోనే ‘నేలమాళిగ నుండి లేఖనములు’ అను రచనలో ఈ తర్కమును ఎదుర్కొనెను. మానవుడు తన మేలును తెలిసికూడ దానికి విరుద్ధముగా నడవగలడని దాని సారాంశము. ఇంతకు మించిన ఖండనము రాలేదు. అయినను నవల ప్రభావము తగ్గలేదు. ఏలయన ఖండనము సమాధానమును కూల్చును గాని, ‘ఏమి చేయవలెను?’ అను ప్రశ్నను ఆర్పజాలదు.

వయస్సు మాటయు నట్టిదే. లెనిన్ పదునాలుగవ యేట ఈ నవలను చదివినను అది అతనికి పట్టలేదు. 1887లో అన్నయైన అలెగ్జాండరును ఉరితీసిన పిమ్మట, ఆ యన్నకు ప్రియమైన గ్రంథమని మరల చదివి దానికి పూర్తిగా వశుడయ్యెనని వలెంతీనొవ్ తన జ్ఞాపకములలో తెలిపినాడు. 1902లో లెనిన్ తన పుస్తకమునకు ఆ పేరే పెట్టెను. మఱొక సాక్ష్యము: నబొకొవ్ తన ‘వరము’ అను నవలలో నొక అధ్యాయమును చెర్నిషేవ్‌స్కీ జీవితమును పరిహసించుటకు వినియోగించెను. 1937–38లో పారిస్ నందలి ప్రవాస రష్యను పత్రిక ఆ యధ్యాయమును విడిచి మిగిలినదే ప్రకటించెను. సంపూర్ణగ్రంథము 1952లో గాని రాలేదు. ఆ సంపాదకులు లెనిన్ పక్షమువారు కారు, బాలురును కారు. అయినను యౌవనమున ఆరాధించిన మూర్తిపై పరిహాసమును సహింపలేకపోయిరి.

ఇది యొక్క వాదమునకే పరిమితమైనది కాదు. పీటర్స్‌బర్గులోనే 1905లో జన్మించి అమెరికాకు వలసపోయిన ఐన్ రాండ్, ‘ఫౌంటెన్‌హెడ్’ (1943), ‘అట్లాస్ ష్రగ్డ్’ (1957) నవలలలో సమష్టివాదమును తీవ్రముగా ఖండించెను. సిద్ధాంతము విపరీతము, నిర్మాణము మాత్రము సన్నిహితము. తర్కమునకు లొంగిన లోకము, లోపమెఱుగని నాయకుడు, స్వార్థమునే వివేకముగా నిరూపించు వాదము ఉభయత్ర కలవు.

మన ‘మాలపల్లి’తో పోల్చిన భేదము స్పష్టమగును. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు దీనిని రాయవేలూరు చెఱసాలలో వ్రాసిరి. 1922లో వెలువడిన యీ గ్రంథమును మదరాసు ప్రభుత్వము నిషేధించెను. ఇదియు ఆశయప్రధానమే. కాని ఇందు సంగదాసు మరణించును. వెంకటదాసు దారితప్పి చెఱలో కన్నుమూయును. రామదాసు వేదాంతము ఆ దుఃఖమును భరించునే గాని చెఱపివేయదు. ఆశయమునకు చెల్లింపవలసిన మూల్యమును కథయే చూపుచున్నది. అందుచే నలువదవయేట మరల చదివిన పాఠకునకు సంగదాసుకంటె రామదాసు దగ్గఱివాడుగా తోచవచ్చును. పాఠకునితోపాటు ఎదుగుటకు ఆ గ్రంథమున తావు కలదు.

కావున సిద్ధాంత నవలను దాటుట యనగా దానిని పాఱవేయుట కాదు. అది దాచిన దుఃఖమును, వదలివేసిన లెక్కను చదువరి తానే పూరించుకొనుట. నిషేధము, పరిహాసము, కాలక్షేపము ఈ పనిని చేయజాలవని రష్యా చరిత్ర చెప్పుచున్నది. విద్యార్థి యొక నవలను గుండెకు హత్తుకొని వచ్చినపుడు అధ్యాపకుడు దానిని లాగికొనరాదు. ఆ కుట్టుపని శాలలో నష్టము వచ్చిననాడు ఎవరు భరింతురు, లొపూహొవ్ ఏ రాత్రియైనను ఏడ్చెనా యని అడుగవలెను. ఆ ప్రశ్నకు నవలలో సమాధానము వెదకి కానని విద్యార్థి, రెండవ గ్రంథమునకై తానే చేయిచాచును.