మన్యం గోడల మీద సర్కారు బొమ్మ

కళ వేరు, పాలన వేరు అని చాలామంది అనుకుంటారు. బొమ్మలు వేసేవాడికి పంచాయతీ ఆఫీసుతో పనేమిటి, ఆటపాటల వాళ్లకు తీర్మానాల గొడవ ఎందుకు అని అడిగేవారూ లేకపోలేదు. ఉర్దూ బడిలో పిల్లలకు చరిత్ర చెప్పుకునే మేము ఈ మాట ఒప్పుకోలేము. మన ప్రజల కళలు ఊరి పెత్తనాన్ని ఎప్పుడూ ఓ కంట కనిపెడుతూనే వచ్చాయి.

అందరికీ తెలిసిన బుర్రకథనే తీసుకుందాం. కథకుడు నడుమ నిలబడి తంబుర మీటుతూ కథ నడుపుతాడు. ఇరుపక్కలా ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, రెండోవారిది రాజకీయం. పల్నాటి వీరుల కథ చెబుతున్నా సరే, రాజకీయ వంత మధ్యలో అందుకుని నాటి ధరలు, అధికారుల తీరు జనం ముందు పెడతాడు. ఈ కళను ఊరూరా వినిపించి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారు (1920–1997) గుంటూరు జిల్లా పొన్నెకల్లు వారు. ఆయన పేరు మన ఇళ్లలో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇది మైదానపు సంగతి. తూర్పు కనుమల్లో ఇలాంటి పనే ఒకచోట ఇంటి గోడ చేసింది.

అరకులోయ నుంచి కొండల వెంట ఈశాన్యంగా పోతే సీతంపేట, ఆ పైన ఒడిశాలోని గుణుపూరు, పర్లాకిమిడి కొండలు వస్తాయి. అది సవరల సీమ. సవరలు ఇంటి లోపలి గోడకు ఎర్రమన్ను పూసి, బియ్యప్పిండి నీళ్లలో కలిపి, పుల్ల కొసతో తెల్లని బొమ్మలు గీస్తారు. అవి ముస్తాబు కోసం వేసినవి కావు. చనిపోయిన పెద్దల పేరిట, జబ్బు తగ్గాలని, పంట పండాలని వేస్తారు. పెద్దల ఆత్మ వచ్చి ఉండే ఇల్లే ఆ బొమ్మ అని వారి నమ్మకం.

వెరియర్ ఎల్విన్ అనే పండితుడు ఈ కొండల్లో తిరిగి, మధ్య భారత గిరిజన కళ మీద 1951లో, సవరల మతం మీద 1955లో పుస్తకాలు ప్రచురించాడు. ఆయన చూసిన గోడల మీద సూర్యచంద్రులు, ఏనుగులు, నెమళ్లతో పాటు గుర్రమెక్కిన అధికారులు, కాపలా జవాన్లు, సైకిళ్లు, రైళ్లు, విమానాలు కూడా ఉన్నాయి. ఈ లోకంలో పెద్దరికం గలవాడు బండెక్కి, బంట్రోతులను వెంటేసుకుని వస్తుంటే, ఆ లోకపు పెద్దలు కూడా అలాగే వస్తారు గదా అని సవరల లెక్క. అలా సర్కారు వారి గోడ ఎక్కింది.

ఆ సర్కారులో వారి మాట చెల్లుబాటు ఎంత? 1839 నాటి 24వ చట్టంతో గంజాం, విశాఖ జిల్లాల కొండసీమలు మామూలు చట్టాల నుంచి తప్పించబడి, ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికి వచ్చాయి. ఏజెన్సీ అనే పేరు అలా పుట్టిందే. మన్యంలో చాలాచోట్ల శిస్తు వసూలు, ఊరి పెత్తనం ముఠాదార్లవి. అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు (1922–24) జరిగిన తర్వాత కూడా ఆ పద్ధతి పోలేదు. 1969 రెగ్యులేషను వచ్చేదాకా ముఠాలు రద్దు కాలేదు. అర్జీ రాయడం రాని జనానికి, ఓటు లేని జనానికి, తమను ఏలేవారిని గురించి తాము చూసింది చెప్పుకునే చోటు ఆ ఎర్రమన్ను గోడే అని మేము భావిస్తున్నాము.

స్వాతంత్ర్యం వచ్చాక 1956లో దేశంలో 43 ప్రత్యేక గిరిజన బ్లాకులు మొదలైనాయి. అరకు వాటిలో ఒకటి. వాటి బాగోగులు చూసి 1960లో నివేదిక ఇచ్చిన సంఘానికి అధ్యక్షుడు ఎవరో తెలుసా? సవరల గోడబొమ్మలు చదివిన ఆ ఎల్విన్ గారే. ఈశాన్య సరిహద్దు సీమ గురించి ఆయన రాసిన గ్రంథానికి 1958లో నెహ్రూ గారు ముందుమాట రాస్తూ ఐదు సూత్రాలు చెప్పారు. గిరిజనుల కళలను ప్రోత్సహించాలని, వారి నెత్తిన అతిగా పాలన రుద్దవద్దని అందులో ఉన్నాయి. కళ మాట, పాలన మాట ఒకే చోట పలికిన సందర్భం అది.

1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు వచ్చాయి. 1980లలో వాటి స్థానంలో మండలాలు వచ్చాయి. అసలు మలుపు 1996లో పార్లమెంటు చేసిన ‘పెసా’ చట్టం. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రజల ఆచారాలను, సాంస్కృతిక ఉనికిని, ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని 4వ సెక్షను చెబుతుంది. ఊళ్లో పథకం ఏదైనా గ్రామసభ ఆమోదంతోనే మొదలవ్వాలి. మన రాష్ట్రంలో దీనికి 1998లో చట్టం, 2011లో నిబంధనలు వచ్చాయి. పైగా రాజ్యాంగం 243జెడ్‌సి అధికరణం ప్రకారం, పార్లమెంటు వేరే చట్టం చేస్తే తప్ప మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించదు. కాబట్టి అరకులోయ, 2022లో జిల్లా కేంద్రమైన పాడేరు వంటి కొండ పట్టణాలకు గ్రామసభ అనేది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు ధింసా సంగతి చూడండి. ఆడవాళ్లు పక్కవారి వీపుల వెనుకగా చేతులు పెనవేసి, పాములా వంపు తిరుగుతూ అడుగులు వేస్తారు. మగవాళ్లు డప్పు, తుడుము, మోరి, జోడుకొమ్ములు వాయిస్తారు. చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్లో ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి వెళ్లి, కలిసి ఆడి, కలిసి తింటారు. ఊళ్ల మధ్య మంచిచెడ్డలు ఇలా ఆటలోనే సర్దుకునేవి. ఈనాడు అదే ధింసా అరకులో పర్యాటకుల ముందు సాయంత్రపు ప్రదర్శనగా నడుస్తున్నది. ఎర్రమన్ను గోడ ఉండేచోట సిమెంటు గోడ లేచేసరికి, సవర బొమ్మ గుడ్డ మీదికి, కాగితం మీదికి వచ్చి అమ్మకానికి పోతున్నది.

కళతో నాలుగు డబ్బులు సంపాదించుకోవడం తప్పని మేము అనడం లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి గదా! కానీ ఏ బొమ్మ అమ్మాలి, పెద్దల పేరిట వేసిన ఏ బొమ్మ ఇంట్లోనే ఉంచుకోవాలి, ఆటకు ఎంత పుచ్చుకోవాలి, బడి గోడ మీద ఎవరి బొమ్మ ఉండాలి అనేవి ఎవరు తేల్చాలి? గుత్తేదారా, దూరాన ఉన్న ఆఫీసరా, లేక చెట్టు కింద కూర్చున్న ఊరా? చట్టం ఊరి పక్షానే ఉంది. ఊరు కూర్చోకపోతే మాత్రం ఆ చట్టం బీరువాలోనే ఉండిపోతుంది.

ఇక్కడ గిడుగు రామమూర్తి గారిని (1863–1940) తలచుకోవాలి. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. తన భాషలో చదివిన పిల్లవాడే రేపు గ్రామసభలో లేచి నోరు విప్పగలడు. ఇంటి భాషలో పాఠం చెబితే పిల్లల ముఖం ఎలా వెలుగుతుందో రోజూ చూసే మాకు ఆయన పని విలువ బాగా తెలుసు.

మన సంఘ సభ్యుల్లో ఎక్కువమంది చిన్న పట్టణాల వాళ్లమే. మన వాడల్లోనూ ఖవ్వాలీ పాడేవాళ్లు, చక్కని ఖత్‌తో సైన్‌బోర్డులు రాసేవాళ్లు, జరీ పని చేసే అమ్మలు ఉన్నారు. వార్డు సభ అంటే కుళాయి, మురుగుకాలువ సంగతులే అనుకుని మనం ఇంట్లో కూర్చుంటున్నాము. కుళాయి అడగాల్సిందే. దానితో పాటు పిల్లలు బొమ్మలు నేర్చుకోవడానికి ఒక గది, సాయంత్రం నలుగురూ కూడి పాడుకోవడానికి ఒక చావడి కూడా అడగాలి. ఈ ఏడాది మీ వార్డు సభ ఏ రోజో కనుక్కుని, కుటుంబంతో సహా వెళ్లండని మా మనవి.