జాజ్‌కు తగిన సాలిడ్ బాడీ గిటారు రూపకల్పన

జాజ్ వాయించేవాళ్ల చేతిలో సంప్రదాయంగా కనిపించేది బోలు గిటారు. వయొలిన్‌కు ఉన్నట్టు ఉబ్బెత్తు పైపలక, దాని మీద రెండు పక్కలా ఎఫ్ ఆకారపు రంధ్రాలు, చంకలో పట్టనంత లోతైన డొక్క. దీన్ని ఆర్చ్‌టాప్ అంటారు. అదే సంగీతాన్ని నిండు చెక్కతో చేసిన సాలిడ్ బాడీ గిటారు మీద పలికించాలనుకునేవారి కోసం, వారి చేతికీ చెవికీ కుదిరేలా ప్రత్యేకంగా గీసి చేసే వాద్యం ఈ వ్యాసానికి విషయం. పైకి ఇది వడ్రంగం పనే. కానీ ముందుగా తేల్చుకోవలసిన సంగతి సంగీతానిది: మీటిన స్వరం ఎంతసేపు నిలవాలి, ఎలా ఆరిపోవాలి? చెక్క, పికప్ (తీగ కదలికను విద్యుత్తుగా మార్చే అయస్కాంత చుట్ట), తీగ, బ్రిడ్జ్ (తీగలు శరీరం మీద ఆనే దిమ్మె) అన్నీ ఆ తర్వాతే.

1936లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-150 అనే బోలు ఎలక్ట్రిక్ గిటారును తెచ్చింది. 1939 నుంచి బెన్నీ గుడ్‌మన్ బృందంలో చార్లీ క్రిస్టియన్ దాని మీద పలికించిన నాదమే జాజ్ గిటారుకు కొలమానమైంది. బోలు వాద్యానికి ఒక చిక్కుంది. యాంప్లిఫయర్ శబ్దం పెంచితే ఆ మోతకు డొక్క కదులుతుంది, ఆ కదలిక మళ్లీ పికప్‌లోకి చేరి గిటారు ఊళ వేస్తుంది. గిటారిస్టు లెస్ పాల్ 1940 ప్రాంతంలో నాలుగంగుళాల చదరపు పైన్ దూలానికి తీగలు బిగించి, గిటారులా కనపడడం కోసం రెండు పక్కలా డొక్క ముక్కలు తగిలించాడు. 'లాగ్' అని పేరుపడ్డ ఆ వాద్యం ఈ చిక్కును దాటిన తొలి ప్రయత్నాల్లో ఒకటి. 1950లో గిటారు తయారీదారు లియో ఫెండర్ తెచ్చిన సాలిడ్ బాడీ నమూనాకు మరుసటి ఏడాది టెలికాస్టర్ అనే పేరు స్థిరపడింది. 1952లో లెస్ పాల్ పేరుతోనే గిబ్సన్ వారి సాలిడ్ బాడీ గిటారు వచ్చింది.

జాజ్ వాద్యకారులనే ఉద్దేశించి ఫెండర్ 1958లో జాజ్‌మాస్టర్‌ను విడుదల చేశాడు. కూర్చుని వాయించేవారికి ఒడిలో కుదురుగా ఉండాలని నడుము వంపులను ఎగుడుదిగుడుగా కోశాడు. వెడల్పాటి పికప్‌లు అమర్చాడు, మెత్తని ధ్వనికి విడిగా ఒక సర్క్యూట్ పెట్టాడు. అయినా జాజ్ లోకంలో చాలామంది తమ బోలు గిటార్లను వదల్లేదు. జాజ్‌మాస్టర్‌ను చేరదీసింది కాలిఫోర్నియా సర్ఫ్ సంగీత బృందాలు. మరోవైపు అమెరికా కంట్రీ సంగీత వాద్యంగా ముద్రపడిన టెలికాస్టర్ మీద కెనడా గిటారిస్టు ఎడ్ బికర్ట్ అత్యంత మృదువైన జాజ్ వాయించాడు. నెక్ దగ్గరి పికప్‌ను మార్పించి హంబకర్ అనే జంట చుట్ల పికప్ పెట్టించుకున్నాడు. అమెరికా గిటారిస్టు టెడ్ గ్రీన్ కూడా ఒంటరిగా స్వర సముదాయాలను నడిపించే తన శైలిని టెలికాస్టర్ మీదే పండించాడు. కంపెనీ ఊహించిన వాద్యం ఒకటి, చెవి ఎంచుకున్నది మరొకటి. ఒక మనిషి కోసం ప్రత్యేకంగా చేసే వాద్యానికి విలువ ఇందువల్లే.

పాలకొల్లు మాండలిన్

తెలుగునాట ఈ విషయానికి అతి దగ్గరి ఉదాహరణ గిటారు కాదు, మాండలిన్. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణ వాయించే మాండలిన్‌ను చేతికి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగల మీద వెతికి పట్టుకునేవాడు. అలా గాత్రమే కొలతగా పెరిగిన చెవికి పాశ్చాత్య మాండలిన్ చాలలేదు. అందులో ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా ఉంటాయి. గమకం కోసం తీగను లాగితే జంటలో రెండూ ఒకే మేరకు లొంగాలి, అది దాదాపు అసాధ్యం. పైగా చిన్న డొక్క వల్ల స్వరం పుట్టీపుట్టగానే అణగిపోతుంది.

శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకుని జంటల స్థానంలో ఒంటి తీగలు పెట్టుకున్నాడు. స్థాయిల విస్తృతి కోసం తర్వాత అయిదో తీగ చేర్చాడు. నిండు చెక్క తీగ శక్తిని త్వరగా లాగేసుకోదు కాబట్టి స్వరం సాగుతుంది, సాగే స్వరం మీదే గమకం నిలుస్తుంది. ఈ వాద్యంతోనే 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌ల 'రిమెంబర్ శక్తి' బృందంలో జాజ్ గిటారు పక్కన కూర్చుని, దానికి దీటుగా పలికించాడు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూసేవరకు ఆ చిన్న పలకే ఆయన గొంతు. మెక్‌లాఫ్లిన్ కూడా 1970లలో ఎదురు దిక్కు నుంచి ఇలాంటి పనే చేశాడు. వాద్య నిర్మాత ఏబ్రహం వెక్టర్ ఆయన శక్తి బృందం కోసం చేసిన గిటారులో మెట్ల మధ్య చెక్కను లోతుగా తోడి, వీణలో లాగినట్టు తీగను లాగే వీలు కల్పించారు. అడ్డంగా అనునాద తీగలు అమర్చారు.

శ్రీనివాస్ సాలిడ్ బాడీని కోరుకున్నది స్వరం నిలవడం కోసం. జాజ్ గిటారిస్టుకు కావలసింది చాలావరకు దీనికి ఎదురు. నాలుగు స్వరాల సముదాయం మీద మరో సముదాయం వేగంగా వచ్చి పడుతుంటే, పాతది ఆరకపోతే రెండూ కలిసి మసకబారతాయి. ఆర్చ్‌టాప్‌లో మీటగానే ఒక పొట్టి మొద్దు శబ్దం, వెంటనే తరుగుదల ఉంటాయి. సాలిడ్ బాడీని జాజ్‌కు సిద్ధం చేయడమంటే దాని సహజమైన సాగుదలకు పగ్గం వేయడమే, ఊళ వేయని గుణాన్ని మాత్రం నిలుపుకుంటూ.

పికప్, సర్క్యూట్

ఈ పనిలో చెక్క కన్నా పికప్‌దే పెద్ద పాత్ర. ఏ పికప్ అన్నదాని కన్నా ముందు, ఎక్కడ అన్నది చూడాలి. తీగ మొత్తం పొడవులో బ్రిడ్జ్ నుంచి నాలుగో వంతు దూరంలో, అంటే 24వ మెట్టు రావలసిన చోట పికప్ మధ్యభాగం ఉంటే, విడితీగ రెండో అనుస్వరం అక్కడ గరిష్ఠంగా ఊగుతుంది, నాలుగోది అసలు వినపడదు. గుండ్రని, నిండైన ధ్వనికి ఇది ఒక కారణం. మెట్టు మీద నొక్కగానే లెక్క జరిగిపోతుంది కాబట్టి దీన్ని సూత్రంగా పట్టుకోకూడదు గాని, దిశ చూపుతుంది. 24 మెట్లు పెడితే పికప్ ఆ చోటు నుంచి బ్రిడ్జ్ వైపు జరగక తప్పదు. జాజ్‌కు 20 నుంచి 22 మెట్లే మేలు. ఆ పై మెట్ల కోసం నెక్ పికప్ స్థానాన్ని పోగొట్టుకోవడం నష్టమే.

పికప్ హంబకర్ అయితే మంచిది. గిబ్సన్ ఇంజనీరు సేత్ లవర్ 1955లో రూపొందించిన ఈ జంట చుట్ల పికప్ కరెంటు హమ్మును తనలో తానే రద్దు చేసుకుంటుంది. మన కల్యాణ మండపాల్లో సీరియల్ లైట్లు, డిమ్మర్లు, సరిగా లేని ఎర్తింగు మధ్య ఒంటి చుట్ల పికప్ 50 హెర్ట్జ్ ఘోషను స్వరంతో పాటే వినిపిస్తుంది. జాజ్‌లో నిశ్శబ్దాలు ఎక్కువ, ఆ ఘోష దాక్కునే చోటు ఉండదు. బ్రిడ్జ్ దగ్గర రెండో పికప్ అక్కర్లేదు. అది లేకపోతే దాని అయస్కాంతం లాగుడూ ఉండదు, సర్క్యూటూ సులువవుతుంది.

సర్క్యూట్ విషయంలో ఒక చిన్న గణితం చాలా వివరిస్తుంది. పికప్ చుట్ల ఇండక్టెన్సూ కేబుల్ కెపాసిటెన్సూ కలిసి ఒక పౌనఃపున్యం దగ్గర శిఖరాన్ని నిలుపుతాయి. 4.5 హెన్రీల హంబకర్‌కు 500 పికోఫారడ్ కేబుల్ తగిలిస్తే ఆ శిఖరం 3,350 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. కేబుల్ పొడవు పెరిగి 1,000 పికోఫారడ్ అయితే 2,370కి దిగుతుంది. టోన్ గుండీని పూర్తిగా తగ్గిస్తే 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి దాదాపు 500 హెర్ట్జ్‌కు పడిపోతుంది. అక్కడ ధ్వని బురదే, వెచ్చదనం కాదు. మధ్యస్థానాల్లో ఎక్కువ వెసులుబాటు దొరకాలంటే 0.010 మైక్రోఫారడ్ లాంటి చిన్న కెపాసిటర్ వాడడం తెలివైన పని. జాజ్ ధ్వని అంటే టోన్ గుండీని సున్నాకు తిప్పడమే అనే అభిప్రాయం చాలామందిలో ఉంది. ఎడ్ బికర్ట్ రికార్డింగులు విన్నవారికి ఆ అభిప్రాయం నిలవదు. స్వరం అంచు వినబడకపోతే పలుకు స్పష్టత పోతుంది.

చెక్క

నిండు శరీరంలో చెక్క జాతి ధ్వనిని ఎంత మారుస్తుందన్నది తెగని వాదన. బరువూ బిగువూ మాత్రం వాదనకు అందేవి కావు. ఆంధ్రలో తీగవాద్యానికి పరీక్షకు నిలిచిన చెక్క పనస. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణలు చేసే కుటుంబాలు చేవదేరిన పనసనే వాడతాయి. కుండ, దండి కలిపి ఒకే మొద్దు నుంచి తొలిచే ఏకాండి వీణ వారి పేరు నిలిపిన పని. వీణ బోలుగా తొలిచింది, గిటారు నిండుగా ఉండేది. 44 మిల్లీమీటర్ల మందంతో మామూలు కొలత శరీరాన్ని పనసతో నిండుగా కోస్తే అదొక్కటే రెండున్నర కిలోల చుట్టూ తూగుతుంది. నెక్, లోహపు సామాను కలిస్తే భుజానికి భారం. అందుకే లోపల గదులు తొలిచి, పైన 6 మిల్లీమీటర్ల పలక మూయాలి. బ్రిడ్జ్, పికప్ కింద చెక్కను నిండుగా ఉంచాలి. బరువు తగ్గడమే కాదు, స్వరం తొందరగా తరగడానికీ ఈ గదులు కొంత తోడ్పడతాయి. టేకు దొరుకుతుంది గాని నూనె గుణం వల్ల జిగురు పట్టడానికి అతికే ముఖాలను స్పిరిట్‌తో తుడవాలి.

వేలిపలకకు జిట్రేగి, అంటే రోజ్‌వుడ్, మించినది లేదు. 1960ల చివర్లో బ్రెజిల్ తన రోజ్‌వుడ్ దుంగల ఎగుమతిని ఆపాక చాలా గిటారు కంపెనీలు మన రోజ్‌వుడ్ వైపు మళ్లాయి; బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని 1992లో అంతర్జాతీయంగా నిషేధించారు.

కోస్తా తేమ గురించి ఒక హెచ్చరిక అవసరం. అనకాపల్లి వంటి చోట ఆరబెట్టిన చెక్క కూడా వానాకాలంలో తిరిగి తేమ తాగుతుంది, ఎండాకాలంలో వదులుతుంది. పలకలు కోసి, బాగా ఆరనిచ్చి, అదే ఊరి గాలిలో కొన్ని నెలలు నిలవ ఉంచి తర్వాత తుది కొలతకు తేవాలి. నెక్‌కు పీచు నిలువుగా ఉండే కోతనే ఎంచుకోవాలి. నెక్ లోపల వంపును సరిచేసే కడ్డీ, అంటే ట్రస్ రాడ్, రెండు వైపులకూ తిరిగే రకమైతే, వానలు వెళ్లాక నెక్ వెనక్కి వంగినా ముందుకు వంగినా సరిచేయవచ్చు.

నెక్, తీగలు, బ్రిడ్జ్

తీగ పొడవుకు రెండు వాడుక కొలతలున్నాయి. ఫెండర్‌ది 25.5 అంగుళాలు, గిబ్సన్‌ది 24.75. పొట్టిదానిలో అదే తీగకు బిగువు సుమారు 6 శాతం తగ్గుతుంది, దూరపు మెట్ల మధ్య వేళ్లు చాచడం తేలిక. జాజ్‌కు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో 12 నుంచి 52 వరకు ఉండే మందపాటి తీగల సెట్టు వాడతారు కనుక పొట్టి కొలత మేలు. మూడో తీగ చుట్టు తీగై ఉండాలి, పైచుట్టు చదునుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ రకం అయితే వేలి రాపిడి చప్పుడు పోతుంది, స్వరం పొట్టిగా, గుండ్రంగా పలుకుతుంది. తల దగ్గర తీగలు ఆనే నట్ వెడల్పు 44 మిల్లీమీటర్లు, వేలిపలక వంపు 12 అంగుళాల వ్యాసార్ధం సరిపోతాయి. మెట్ల ఎత్తు మధ్యస్థంగా చాలు, ఇక్కడ తీగలు లాగడం తక్కువ.

బరువైన ఇనుప బ్రిడ్జ్ స్వరాన్ని నిలబెడుతుంది. జిట్రేగితో చేసిన చెక్క బ్రిడ్జ్, వెనక తీగలు పట్టే టెయిల్‌పీస్ ఉంటే సాగుదల తగ్గి ఆర్చ్‌టాప్‌కు దగ్గరగా వస్తుంది. చుట్టు ఉన్న మూడో తీగ బ్రిడ్జ్ మీద ఆనే చోటు మారుతుంది: ఆనే అంచు రెండో, మూడో తీగల మధ్య మలుపు తిరగాలి. బజారులో దొరికే బ్రిడ్జ్‌లు కొన్ని చుట్టు లేని మూడో తీగకు కోసినవి. అవి బిగిస్తే స్వర సముదాయాలు ఎప్పటికీ శ్రుతిలో నిలవవు.

పైపూతకు స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ పలుచగా, చెక్క నిగారింపును చూపిస్తూ కుదురుతుంది. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో, వరాహ నది ఒడ్డున, అంకుడు చెక్కను తరిమెన మీద తిప్పుతూ లక్కను అద్దే పని వేరు: తిరుగుడు రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. ఆ పద్ధతి గుండ్రని వస్తువుకే, చదునైన గిటారు శరీరానికి పనికిరాదు. వాల్యూమ్, టోన్ గుండీలకు మాత్రం అచ్చంగా సరిపోతుంది. అంకుడు తేలిక, మెత్తన, సన్నని పీచు గలది, చేతికి జారదు. చేయించేటప్పుడు లోపలి రంధ్రం కొలత ముందే చెప్పాలి: మన బజారులో దొరికే పొటెన్షియోమీటర్ల కడ్డీ సాధారణంగా 6 మిల్లీమీటర్లు, అమెరికా రకానిది 6.35.