దల్లాలీ తారీఖ్: పరదేశంలో ఉన్నవాడి ఇల్లు, మధ్యవాడి హిస్సా

తెలుగులో ఎవరినైనా దళారీ అన్నారంటే తిట్టినట్టే. రైతుకీ బజారుకీ మధ్య కూర్చుని తినేవాడు అనే అర్థంలోనే మా పత్రికల్లో ఆ మాట వాడతారు. ఉర్దూ మీడియంలో చదువుకున్నవాడికి మాత్రం దాని పుట్టిల్లు వెంటనే గుర్తొస్తుంది. అరబీలో అది 'దల్లాల్'. దారి చూపేవాడు అని. సుబూత్‌కి మనం వాడే 'దలీల్' కూడా అదే మూలం నుంచి వచ్చింది. దారి చూపేవాడు దారి మధ్యలో కాపు కాసేవాడిగా ఎలా మారాడు అన్నదే ఈ వ్యాసం.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా కడప వైపు కువైట్, సౌదీల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళు, ప్లాట్లు చాలా చేతులు మారుతున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో స్థిరపడ్డారు, ఊళ్ళో జాయిదాద్ ఎవరు చూసుకుంటారు? అందుకని అమ్మేస్తున్నారు. నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే సవాలు. "భాయ్, రెండు శాతం అడుగుతున్నాడు, ఇవ్వాలా? జాయిజేనా? ఎక్కువ కాదా?" దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. తారీఖ్‌లోకి కాస్త వెనక్కి వెళ్ళాలి.

మధ్యవర్తికి అరబీలో ఇంకో పేరు 'సిమ్‌సార్'. అది అజమీ మాట, బయటి నుంచి అరబీలోకి వచ్చింది. మదీనా బజారులో వ్యాపారుల్ని మొదట 'సమాసిరా' అనేవారట. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం వాళ్ళను అంతకన్నా మంచి పేరుతో 'తుజ్జార్' అని పిలిచారని, బేరాల్లో అనవసరపు మాటలూ ఒట్లూ దొర్లుతాయి కనుక దానికి సదఖా కలపమన్నారని అబూ దావూద్, తిర్మిజీల్లో ఉంది. మధ్యవర్తి మెహనతానా మీద ఇమామ్ బుఖారీ ఒక బాబ్ పెట్టారు. అందులో ఇబ్నె సీరీన్, అతా, ఇబ్రాహీమ్, హసన్ వంటి తాబయీన్ పెద్దలు సిమ్‌సార్ తీసుకునే కూలిలో తప్పు చూడలేదని రాశారు. కనుక దల్లాలీ జాయిజా కాదా అనే చర్చ ఎప్పుడో ముగిసింది. ముగియనిది ఎంత, ఎలా అన్నదే.

హనఫీ ఫుఖహా మొదట్లో దీన్ని కాస్త అనుమానంగానే చూశారు. కూలి అంటే పని తెలియాలి, కాలం తెలియాలి. దల్లాల్ ఒక్క పూటలో అమ్మొచ్చు, ఆరు నెలలు తిరిగినా అమ్మలేకపోవచ్చు. మరి పదికి ఇంత అని ముందే ఎలా తేల్చడం? చివరికి జనం అవసరాన్ని, రివాజును చూసి ఒప్పుకున్నారు. ఇవాళ మనం శాతం అని పిలుస్తున్నదాని వెనుక ఇంత బహస్ ఉంది.

అదే బాబ్‌లో ఇంకో మాట ఉంది. "ఈ బట్ట అమ్ము, ఇంత ధర మీద ఎంత ఎక్కువ వస్తే అంత నీది" అని చెప్పడంలో తప్పు లేదని ఇబ్నె అబ్బాస్ రజియల్లాహు అన్హు అన్నారు. ఇమామ్ అహ్మద్ దీన్ని ఒప్పుకున్నారు. కూలి ఎంతో ముందే తెలియడం లేదు కదా అని చాలామంది ఫుఖహా ఒప్పుకోలేదు. ఒట్టోమన్‌లు 1869 నుంచి 1876 దాకా హనఫీ ఫిఖ్‌ను చట్టంగా కూర్చిన 'మజల్లా' అయితే గట్టిగా ఉంది. ఇంతకు అమ్మమని దల్లాల్‌కి చెప్తే, అతను అంతకన్నా ఎక్కువకు అమ్మితే ఆ పైమొత్తం కూడా సొంతదారుదే. దల్లాల్‌కి తన దల్లాలీ తప్ప ఇంకేమీ రాదు. ఈ రెండు మాటలూ ఎదురెదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి కానీ నాకు అలా అనిపించదు. ఒకచోట "ఎక్కువ వస్తే నీది" అని సొంతదారు తన నోటితో చెప్పాడు. రెండోచోట అతను ఆ మాట చెప్పనే లేదు. కువైట్‌లో ఉన్నవాడి కష్టమంతా ఈ రెంటి మధ్యే ఉంది.

పరదేశంలో ఉన్నవాడికి అసలు తెలియనిది ఊళ్ళో ధర. ఇది కొత్త జబ్బు కాదు. సరుకుతో వచ్చే కాఫిలాకి ఊరి బయటే ఎదురెళ్ళి, బజారు ధర తెలియకముందే చౌకగా కొనేసే అలవాటు అరబ్బుల్లో ఉండేది. దాన్ని 'తలఖ్ఖీ' అంటారు. దాన్ని మనా చేశారు. అలా కొన్నా, సరుకు యజమాని బజారుకు వచ్చి ధర చూసుకున్నాక బేరం రద్దు చేసుకునే ఇఖ్తియార్ అతనికి ఉంటుందని సహీహ్ ముస్లింలో ఉంది. మన పరదేశీల పరిస్థితి అప్పటి కాఫిలా లాంటిదే. తేడా ఒక్కటే, ఇవాళ రిజిస్ట్రీ అయిపోయాక బజారుకు వచ్చి ధర తెలుసుకుంటే చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

ఇక మన దేశం సంగతి. అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ రాసిన 'ఆయినె అక్బరీ'లో కొత్వాల్ పనుల జాబితా ఉంది. ప్రతి వృత్తివాళ్ళ నుంచి ఒక పెద్దను, ఒక దల్లాల్‌ను ఎంచాలి, అమ్మకాలూ కొనుగోళ్ళూ వాళ్ళ ద్వారా జరగాలి అని అందులో ఒకటి. అంటే దల్లాల్ హుకూమత్ ఎరిగినవాడు, జవాబుదారీ ఉన్నవాడు. 17వ శతాబ్దంలో గోల్కొండ, బీజాపూర్ వజ్రాల గనుల వైపు తిరిగిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే బేరం జరిగే తీరు రాశాడు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి చేతుల మీద కప్పుతారు. దాని కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చెయ్యి మొత్తం పడితే వెయ్యి, అలా. చుట్టూ ఎందరున్నా ఒక్క మాట వినపడదు. కొనుగోలు మీద సుల్తాన్‌కి నూటికి రెండు వెళ్ళేదని కూడా రాశాడు. ఇప్పటి మన రెండు శాతానికీ దానికీ రిష్తా కలపడానికి నా దగ్గర దలీల్ ఏమీ లేదు. మచిలీపట్నంలో ఇంగ్లీషు, డచ్చి కంపెనీలు వచ్చాక దుబాసీలు తయారయ్యారు. రెండు భాషలు తెలిసినవాడు దుబాసి, అతనే బేరగాడు కూడా.

ఆ గుడ్డ కింది బేరం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. అందులో ఇద్దరికీ ధర తెలుసు, మూడోవాడికి తెలియదు. మన పరదేశీల అమ్మకాల్లో కొనేవాడికీ బ్రోకర్‌కీ తెలుసు. తెలియనివాడు ఇంటి మాలిక్.

1948 తర్వాత మన కుటుంబాల్లో ఈ వ్యవహారానికి ఖౌఫ్ కూడా తోడైంది. దేశం విడిచి పాకిస్తాన్ వెళ్ళినవాళ్ళ ఆస్తుల్ని 1950 నాటి ఎవాక్యూయీ ప్రాపర్టీ చట్టం కింద కస్టోడియన్ చేతికి తీసుకున్నారు. 1947 ఆగస్టు 14 తర్వాత అలాంటివాళ్ళు చేసిన అమ్మకాలు చెల్లాలంటే కస్టోడియన్ మంజూరు కావాలి. అన్న కరాచీకి వెళ్ళాడు, తమ్ముడు ఇక్కడే ఉన్నాడు, ఇల్లు ఇద్దరిదీ. ఇలాంటి ఇళ్ళు ఎంత తక్కువకైనా అమ్మేసి చేతులు దులుపుకోవాలని చూసినవాళ్ళ కథలు హైదరాబాదు పాత కుటుంబాల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. మజ్‌బూరీలో అమ్మేవాడు దల్లాలీ లెక్క అడగడు. ఆ చట్టాన్ని 2005లో రద్దు చేశారు. "బయట ఉన్నవాడి ఆస్తి ఎప్పుడైనా పోతుంది" అనే భయం మాత్రం మన పెద్దవాళ్ళలో ఇంకా ఉంది. బ్రోకర్లు దాన్నే వాడుకుంటారు. "భాయ్, ఇప్పుడు అమ్మకపోతే ఎవడో ఒకడు కబ్జా పెడతాడు" అని.

1973లో చమురు ధర పెరిగాక గల్ఫ్ తలుపులు తెరుచుకున్నాయి. మా జిల్లాలో కువైట్‌కి వెళ్ళే మనిషి లేని ముస్లిం వీధి ఉండేది కాదు. మా మామూ కూడా వెళ్ళాడు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో ఒక్క సంచీతో వచ్చాడు. యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళాడు. కొన్నేళ్ళకు కూతురి నికాహ్ కోసం కడపలో ఉన్న ప్లాటు అమ్మమని మా అబ్బా పేరున ముఖ్తార్‌నామా పంపాడు. కువైట్‌లో మన ఎంబసీ ముద్రతో వచ్చిన ఆ కాగితాన్ని అబ్బా బీరువాలో ఖురాన్ షరీఫ్ పక్కన పెట్టాడు. ఒక బ్రోకర్ మూడు లక్షలకు బేరం తెచ్చాడు. అబ్బా సంతకం పెట్టాడు. డబ్బు రూపాయి తేడా లేకుండా మామూ ఖాతాలో పడింది. నాలుగేళ్ళ తర్వాత ఒక దావత్‌లో ఆ ప్లాటు కొన్నాయన కొడుకు మాటల మధ్యలో మూడు లక్షల అరవై వేలు ఇచ్చామన్నాడు. దస్తావేజులో చూద్దామంటే అందులో రాసింది మార్కెట్ విలువ, అసలు ధర కన్నా చాలా తక్కువ. అంటే రిజిస్ట్రీ కాగితం కూడా నిజం చెప్పదు. అరవై వేలు బ్రోకర్ తిన్నాడా, మా అబ్బా తిన్నాడా? మామూ రెండేళ్ళు మా ఇంటి గడప తొక్కలేదు. చివరికి ఆ బ్రోకర్ భాగస్తుడే నిజం చెప్పాడు. మామూ అప్పుడు అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. "అడిగి ఉంటే నేనే ఇచ్చేవాణ్ని కదా."

బ్రోకర్ చేసిన పనికి చట్టంలో పేరుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఏజెన్సీ గురించి ఒక అధ్యాయమే ఉంది. ఏజెంట్ అడిగినప్పుడు లెక్క చెప్పాలి. మాలిక్‌కి తెలియకుండా తన సొంతానికి బేరం చేసుకుంటే ఆ లాభం మాలిక్ తీసుకోవచ్చు. పనిలో దుర్వర్తన చేస్తే ఆ పనికి కమీషన్ హక్కే పోతుంది. ఫుఖహా ఖయానత్ అన్నదీ ఇదే. మామూ కోర్టుకు వెళ్ళి ఉంటే గెలిచేవాడా? సుబూత్ ఎక్కడిది? అంతా నోటిమాట, సగం నగదు.

ముఖ్తార్‌నామా సంగతి కూడా మారింది. 2011 అక్టోబర్‌లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు, జీపీఏ మీద అమ్మితే హక్కు మారదు, రిజిస్టర్ అయిన సేల్ డీడ్ ఉంటేనే మారుతుంది అని తేల్చింది. సొంతవాళ్ళకు తన పని చేసిపెట్టమని నిజంగా ఇచ్చే ముఖ్తార్‌నామాకి అభ్యంతరం లేదని కూడా చెప్పింది. కనుక బ్రోకర్ పేరునే జీపీఏ రాయించి పంపమంటే కాస్త ఆగండి. ధర చెప్పేవాడు, సంతకం పెట్టేవాడు, డబ్బు అందుకునేవాడు ముగ్గురూ ఒకడే అయితే మీరు ఎక్కడున్నట్టు?

రేటు విషయానికి వద్దాం. మన రాష్ట్రాల్లో ఇల్లు అమ్మకానికి ఇంత దల్లాలీ అని చట్టం ఏదీ కట్టలేదు. రివాజ్ ఒకటి, రెండు శాతం. చాలాసార్లు అటూ ఇటూ ఇద్దరి దగ్గరా తీసుకుంటారు. 2016 నాటి రెరా చట్టం ఏజెంట్లు రిజిస్టర్ కావాలంది కానీ అది ప్రాజెక్టుల్లోని ఫ్లాట్లు, ప్లాట్ల అమ్మకాలకే. మీ నాన్నగారు కట్టిన పాత ఇల్లు అందులోకి రాదు. సౌదీలో 2022 నాటి చట్టం, రాతలో వేరే ఒప్పందం లేకపోతే అమ్మకం ధరలో రెండున్నర శాతం అని స్పష్టంగా పెట్టింది. జెద్దాలో ఉండే మన పిల్లలకు అక్కడి దల్లాలీ తెలుసు, కడపది తెలియదు.

నష్టం రెండు శాతంలో లేదు. ఉదాహరణకు 40 లక్షల ఇల్లు. దల్లాలీ 80 వేలు. అమ్మేవాడు ఎన్నారై, ఇల్లు రెండేళ్ళకు పైగా అతని చేతిలో ఉంది అనుకుందాం. కొనేవాడు పన్ను పట్టుకోవాలి. 2024 జూలై 23 నుంచి దీర్ఘకాల లాభానికి రేటు 12.5 శాతం, సెస్ కలిపితే 13. తక్కువ పట్టుకోవచ్చని ఇన్‌కంటాక్స్ ఆఫీసు నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, కొనేవాళ్ళు మామూలుగా లాభం మీద కాక మొత్తం ధర మీదే పట్టుకుంటారు. అంటే 5 లక్షల 20 వేలు ఆగిపోతాయి, రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. దల్లాలీకి రసీదు ఉంటే దాన్ని లాభంలోంచి తీసేయొచ్చు. నగదుగా ఇచ్చి ఊరుకుంటే చూపించడానికి ఏమీ ఉండదు. "సగం బ్లాక్‌లో తీసుకోండి భాయ్, టాక్స్ మిగులుతుంది" అనే బ్రోకర్ ఈ లెక్క చెప్పడు. నగదు తీసుకున్నాక అది కువైట్‌కి బ్యాంకు ద్వారా వెళ్ళదు. వైట్‌లో వచ్చిన డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడితే పన్ను కట్టిన కాగితాలతో ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు.

బ్రోకర్ల కన్నా చిక్కు సొంతవాళ్ళతో వస్తుంది. బావమరిది, అల్లుడు, తమ్ముడు నెలల తరబడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరుగుతారు, డాక్యుమెంట్ రైటర్ దగ్గర కూర్చుంటారు, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకు చాయ్ పోస్తారు. వాళ్ళకు ఏమీ ఇవ్వం. ఇస్తే అవమానం అంటాం. వాళ్ళూ అడగరు. తర్వాత మనసులో ఉండిపోతుంది, ఒకరోజు ధరలో కనిపిస్తుంది. మామూ తర్వాత ఇల్లు అమ్మినప్పుడు మా తమ్ముడికి ముఖ్తార్‌నామా పంపుతూ, దాంతో పాటు ఒక చిట్టీ రాశాడు. ఇంతకు తక్కువ అమ్మొద్దు, కొనేవాడితో నేను వీడియో కాల్‌లో మాట్లాడతాను, డబ్బు నేరుగా నా ఖాతాకే రావాలి, నీకు నూటికి ఒకటి. మా తమ్ముడు మొదట ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత తీసుకున్నాడు.

చివరగా చాలామంది అడిగే ఒక సవాలు. బ్రోకర్ మొదట ఒకరికి ఇల్లు చూపించాడు, బేరం కుదరలేదు. ఆరు నెలల తర్వాత మీరే నేరుగా ఇంకొకరికి అమ్ముకున్నారు. అతనికి ఇవ్వాలా? దల్లాల్ తిప్పినా అమ్ముడుపోని సరుకును తర్వాత సొంతదారే అమ్ముకుంటే ఆ దల్లాల్‌కి ఏమీ రాదు అంటుంది మజల్లా. మన కోర్టులు కూడా చూసేది ఆ అమ్మకానికి కారణం బ్రోకర్ ప్రయత్నమేనా అనే. అతను తెచ్చిన మనిషే తర్వాత మీ దగ్గరికి చాటుగా వచ్చి కొన్నాడా, అప్పుడు సంగతి వేరు, అతని హక్కు అతనికి ఇవ్వాల్సిందే.