వీథినుండి తెరకు, తెరనుండి వీథికి



నేడు నేను మీకు విన్నవింపబోవునది బ్రెజిలు దేశపు వీథులలో పెరిగిన యొక వేడుకయొక్క చరిత్రము. ఆ దేశమును నేను కన్నులార చూచినవాడను గాను. దానినిగూర్చి చదివితిని, దాని చలనచిత్రములను గొన్నిటిని జూచితిని, ఆ వాద్యముల ధ్వనిని యంత్రముద్వారా వింటిని. వినగా వినగా నాకొక సందేహము పొడమినది. ఆ సందేహమే యీ ప్రసంగమునకు మూలము.

రియో డి జనీరో నగరమున ఏటేట ఫిబ్రవరి, మార్చి నెలల ప్రాంతమున కార్నివాలు అను నుత్సవము జరుగును. క్రైస్తవులు ఈస్టరు పండుగకు ముందు నలువది దినములు ఉపవాస నియమములు పాటింతురు. ఆ నియమములు ప్రారంభమగుటకు ముందు కొన్నిదినములు జనులు వేషములు ధరించి, ఆడుచు పాడుచు వీథులలో తిరుగుదురు. ఒక పేటవారో, కొందరు స్నేహితులో కలిసి వాద్యములతో బయలుదేరు మేళమునకు బ్లోకో అని పేరు. ఈ కాలమున చలనచిత్రముల పాటలనే వాయించు మేళములును గలవు. సినేబ్లోకో అనునది వానిలో నొకటి. తెరముందు కూర్చుండి వినిన రాగమును ఇత్తడి బాకాలపై పలికించి, సుర్దో యను పెద్దడోలు దెబ్బకు దానిని నడిపింతురు. వీథి వేడుకను సినిమా మ్రింగివేసినదే యని పెద్దలు విచారపడవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. చరిత్రము తిరుగవేసి చూడగా సంగతి వేఱుగా కానవచ్చినది.

పోర్చుగీసువారు 1500వ సంవత్సరమున ఆ తీరమున దిగిరి. వారివెంట వచ్చిన పాతవేడుక ఎంట్రూడో. ఒకరిపై నొకరు నీళ్లును పిండియు చల్లుకొనుట, మైనపు నిమ్మకాయలలో నీరు నింపి విసరుకొనుట దాని లక్షణములు. మన వసంతములాటను తలపించును. పందొమ్మిదవ శతాబ్దమున అధికారులు దానిని పలుమారులు నిషేధించిరి. ఆ శతాబ్దపు మధ్యకాలమున పోర్చుగలునుండి వచ్చిన చెప్పులు కుట్టువాడొకడు పెద్దడోలు తగిలించుకొని వీథినబడి వాయించెననియు, జనులు వెంబడించిరనియు చెప్పుదురు.

అయినను ఆ లయకు ప్రాణము పోసినవారు ఆఫ్రికానుండి బలవంతముగా తేబడిన బానిసలును, వారి సంతతివారును. మూడువందల యేండ్లు సాగిన యా ఘోరవ్యాపారమున బ్రెజిలునకు చేరినవారు సుమారు 48 లక్షలమంది. 1888 మే 13వ తేదీని బానిసత్వము రద్దయినది. విడుదలయైనవారికి భూమి నియ్యలేదు, జీవనోపాయమును చూపలేదు. వారిలో ననేకులు రియోలో ప్రాసా ఓన్జి యను చౌకు పరిసరములందు కాపురముండిరి. అచ్చటి యిండ్లలో సాంబా గానము వర్ధిల్లినది. సాంబా పాఠశాలలని పేరొందిన బృందములకు మొదటిపోటీ 1932లో ఆ చౌకులోనే జరిగినది.

అంతట సినిమా వచ్చినది. 1930లో రియోలో స్థాపింపబడిన సినేజియా కంపెనీవారు 1933లో 'కార్నివాలు కంఠము' అను నర్థముగల పేరుతో నొక చిత్రమును తీసిరి. నిజమైన వీథి యుత్సవపు దృశ్యములను, కల్పిత దృశ్యములను అందు జోడించిరి. 1936లో 'అలో, అలో, కార్నవాల్' వెలువడినది. అందు పాడిన కార్మెన్ మిరాండా పిమ్మట అమెరికా వెళ్లి ప్రపంచప్రసిద్ధురాలయ్యెను. ఈ విధముగా మొదట చేయి చాచినది సినిమాయే, ఇచ్చినది వీథి.

1942లో ఇంకొక చిత్రమైన సంగతి జరిగినది. ఆర్సన్ వెల్స్ అను అమెరికా దర్శకుడు, అప్పటికి ఇరువదియారేండ్లవాడు, కార్నివాలును రంగులలో చిత్రించుటకు రియోకు వచ్చెను. అప్పటికే గొప్పరాజమార్గము వేయుటకై ప్రాసా ఓన్జిని పడగొట్టుటకు నిర్ణయమైనది. ఆ చౌకు పోవుచున్నదని దుఃఖించుచు హెరివెల్తో మార్టిన్స్, గ్రాంజి ఓతెలో అనువారు కట్టిన పాటను ఆ యేడు జనులందరు పాడిరి. వెల్స్ సినేజియావారి స్టూడియోలో ఆ చౌకును మరల నిర్మింపజేసి, గ్రాంజి ఓతెలోనే నటునిగా నిలిపెను. నల్లవారిని, కొండపేటల పేదలను ఆయన ముందునకు తెచ్చుట పెక్కురు పెద్దలకు రుచింపలేదు. కంపెనీవారు సొమ్ము నిలిపివేసిరి, చిత్రము పూర్తికాలేదు. రాజమార్గము మాత్రము 1944లో పూర్తియైనది. మిగిలిన చిత్రభాగములు కొన్ని 1993లో జనులకు చూపబడినవి. నేల పోయిన యేబదియేండ్లకు నీడ మిగిలినదన్నమాట.

1959లో మార్సెల్ కామూ అను ఫ్రెంచి దర్శకుడు 'నల్ల ఆర్ఫియస్' అను చిత్రమును రియో కొండపేటల కథగా తీసెను. మూలము బ్రెజిలు కవి వినీసియుస్ జి మొరాయిస్ నాటకము. సంగీతము బ్రెజిలువారైన జోబిము, బోన్ఫాలది. కాన్‌లో అగ్రబహుమతి లభించినది. మరుసటియేడు అమెరికాలో ఆస్కారు బహుమానము వచ్చినది. అది ఫ్రాన్సుదేశపు లెక్కలో చేరినది. పేదరికమును అందముగా చూపిరని బ్రెజిలువారిలో పలువురు మనసు నొచ్చుకొనిరి. వారి నొప్పి నాకు అన్యాయముగా తోచదు.

1964లో సైనికులు ప్రభుత్వమును చేజిక్కించుకొనిరి. ఆ మరుసటియేడే ఇపనేమా పేటలో కొందరు స్నేహితులు కలిసి 'ఇపనేమా బాండు' అను మేళమును నడిపి, నవ్వుచునే పెద్దలను ఎగతాళిచేసిరి. 1984లో సాంబా పాఠశాలల ఊరేగింపునకు సిమెంటు మండపము కట్టిరి. అందు ప్రవేశమునకు టిక్కెట్టు కొనవలెను. 1985లో సైనికపాలన అంతరించినది. ఆ రోజులలోనే వీథిమేళములు మరల చిగిర్చినవి. వానికి టిక్కెట్టు లేదు. చూచువాడు కోరినంతనే ఆడువాడగును.

నేటి సినిమా మేళములు ఆ చెట్టుకు పూచిన పువ్వులే. తెర వీథినుండి వాద్యమును, పాటను, వేషమును కొనిపోయినది. ఇప్పుడు వీథి తెరనుండి రాగమును తెచ్చుకొనుచున్నది. తెచ్చుకొన్నదానిని తన డోలుకు సరిపడునట్లు మలచుకొనుచున్నది. అరువు తెచ్చుకొన్నచో తప్పులేదు. లయ తనదై యుండవలెను.

2021లో అంటువ్యాధి కారణమున రియోలో కార్నివాలు జరుగలేదు. పాతచిత్రములు అందరి యిండ్లలోను ఉన్నవి; చూచుకొనిరి. డోలు వెనుక నడచు జనము మాత్రము లేదు. చిత్రము గురుతును కాపాడగలదు; పండుగను చేయుటకు మనుష్యులు కావలెను. నా సందేహమునకు దొరకిన సమాధానమిది.