గ్రామఫోను ప్లేట్లు: గొంతుల చరిత్ర

సాహిత్య చరిత్ర అంటే అచ్చుకాగితాల చరిత్ర అనే అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. తాళపత్రానికీ ముద్రిత గ్రంథానికీ ఇచ్చిన విలువ మనం ధ్వనికి ఇవ్వలేదు. కాని ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో తెలుగు పద్యం, పాట, నాటకం ప్రజల్లోకి వెళ్లిన దారుల్లో గ్రామఫోను ప్లేటు ఒకటి. చదువురాని మనిషి కూడా ఆ దారిన సాహిత్యాన్ని అందుకోగలిగాడు. ఆ ప్లేటును ఎవరు తయారుచేశారు, ఎవరి గొంతును ఎన్నుకున్నారు, తర్వాత ఎవరు కాపాడారు అనే మూడు ప్రశ్నలు సాహిత్య విద్యార్థికి అవసరమైనవే.

గ్రామఫోను కంపెనీ 1898లో లండన్‌లో ఏర్పడింది. ఆ కంపెనీ పంపిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో పాటలు ముద్రించాడు. ఆనాడు పాడినవారిలో గౌహర్ జాన్ ప్రసిద్ధురాలు. పాట చివర ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో ప్రకటించేది. అది గొప్ప చెప్పుకోవడం కాదు. కలకత్తాలో మైనం మీద ముద్రించిన పాట జర్మనీలోని హానోవర్‌కు వెళ్లి, అక్కడ ప్లేటుగా తయారై తిరిగి రావాలి. ఆ పాట ఎవరిదో అక్కడి పనివాళ్లకు తెలియడానికి ఆ ప్రకటన అవసరమైంది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం పెట్టేదాకా మన పాటలు సముద్రాలు దాటి వచ్చి మనకే అమ్ముడుపోయాయి.

అంతకంటే గమనించదగ్గది ముడిసరుకు సంగతి. 78 చుట్ల ప్లేటులో రాతిపొడిని, నూలుపీచును, మసిని కలిపి పట్టి ఉంచే పదార్థం లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగు పెట్టిన ఆ జిగురును గీకి తెచ్చినవారు ఛోటానాగపూర్ అడవుల్లోని ఆదివాసులు. ప్రపంచానికి కావలసిన లక్కలో అత్యధిక భాగం మన దేశం నుంచే వెళ్లేది. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క రవాణాకు ఆటంకం ఏర్పడగానే, 1942లో అమెరికా ప్రభుత్వం ప్లేట్ల తయారీలో లక్క వాడకాన్ని బాగా తగ్గించింది. కరిగించి మళ్లీ వాడడానికి పాత ప్లేట్లు సేకరించారు. అప్పుడు ఎన్ని గొంతులు కరిగిపోయాయో లెక్క లేదు. ప్లేటు మీద కంపెనీ ముద్ర ఉంది, గాయకుడి పేరు ఉంది; లక్క ఏరిన మనిషి పేరు ఏ లేబులు మీదా లేదు.

ఇక ఎంపిక సంగతి. తొలి దశలో యంత్రం ముందు పాడడానికి ముందుకొచ్చిన స్త్రీలలో ఎక్కువమంది ఉత్తరాదిన తవాయఫ్‌లు, దక్షిణాదిన దేవదాసీ కుటుంబాలవారు. కోయంబత్తూర్ తాయి, సేలం గోదావరి వంటివారి గొంతులు ఆ విధంగానే మిగిలాయి. ‘కుటుంబ స్త్రీలు’ బయట పాడడం తప్పన్న కాలమది. తర్వాతి కాలంలో వాళ్లు కూడా పాడసాగారు. అప్పుడు కొన్ని బెంగాలీ ప్లేట్ల మీద గాయని పేరు పక్కన ‘అమెచ్యూర్’ అనే మాట అచ్చువేశారు. ఈమె పాటను వృత్తిగా చేసుకున్న మనిషి కాదని కొనేవాడికి భరోసా ఇవ్వడమే దాని ఉద్దేశం. ఒక్క మాటలో ఆనాటి సామాజిక నీతి అంతా దాగి ఉంది. లేబులును కూడా ఒక పాఠంగా చదవాలని నేను అనడానికి కారణం ఇదే.

యంత్రం కళారూపాన్ని కూడా మార్చింది. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలకు కొంచెం పైన పలుకుతుంది. రంగస్థలం మీద నటుడు పద్యం చివర రాగం ఎత్తుకుంటే దానికి అంతు ఉండేది కాదు. ‘వన్స్‌మోర్’ అంటే మళ్లీ మొదటికొచ్చేది. ప్లేటు మీద ఆ వీలు లేదు. పద్యం, రాగం, హార్మోనియం అన్నీ మూడు నిమిషాల్లో ఇమడాలి. స్థానం నరసింహారావు వంటి నటుల గొంతు నాటకం ఆడని ఊళ్లకు కూడా చేరింది. చేరినది మాత్రం ఈ కొలతకు కుదించిన రూపమే. ఆనాటి పద్యపఠనంలో పదాన్ని ఎక్కడ విరిచారు, యతి దగ్గర ఎలా నిలిచారు అనేవి ముద్రిత నాటకంలో దొరకవు, ఈ ప్లేట్లలోనే వినాలి. శంకరంబాడి సుందరాచారి రాసిన గీతం, తర్వాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైనది, టంగుటూరి సూర్యకుమారి గొంతుతో ప్లేటు మీద ఇంటింటికీ వెళ్లిందన్నది కూడా మరువరాదు.

రాత్రంతా సాగే వీధి భాగవతం, ఒగ్గుకథ ఈ మూడు నిమిషాల్లో పట్టవు. నాట్లు వేసే స్త్రీల పాటకు కొనుగోలుదారు లేడు. కంపెనీ సంగీత సేవకు పుట్టినది కాదు, సరుకు అమ్మడానికి పుట్టినది. కనుక మిగిలిన ప్లేట్లనే ఆనాటి తెలుగు సంగీతమంతా అనుకుంటే మార్కెటు చేసిన ఎంపికను చరిత్రగా అంగీకరించినట్లే అవుతుంది.

78 చుట్ల ప్లేట్ల తయారీ మన దేశంలో 1970 ప్రాంతానికి ఆగిపోయింది. పెట్టెలు అటకలెక్కాయి, ప్లేట్లు పాత సామాన్ల దుకాణాలకు చేరాయి. వాటిని వెతికి పట్టుకున్నవారు వ్యక్తులు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు అనేక భాషల ప్లేట్లను వేలకొద్దీ సేకరించి, వాటి ఆధారంతో పాటల చరిత్ర రాశారు. 1990లో బొంబాయిలో భారతీయ రికార్డు సేకర్తల సంఘం ఏర్పడింది. దాని కార్యదర్శిగా పనిచేసిన సురేశ్ చాంద్వణ్‌కర్ వృత్తిరీత్యా భౌతికశాస్త్ర పరిశోధకుడు. సంఘం ‘ది రికార్డ్ న్యూస్’ అనే పత్రిక నడిపింది, శ్రవణ సభలు పెట్టింది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కినియర్ తొలి భారతీయ ముద్రణల జాబితాను 1994లో గ్రంథంగా వెలువరించాడు. 1935 నుంచి 1955 దాకా బొంబాయిలో నడిచిన ‘యంగ్ ఇండియా’ అనే దేశీయ కంపెనీ ప్లేట్లు, బ్రిటిష్ లైబ్రరీ పథకం సహాయంతో కంప్యూటరుకు ఎక్కాయి. ఇంటర్నెట్ వచ్చాక ఒకరికొకరు తెలియని సేకర్తలు దేశదేశాల నుంచి కలుసుకున్నారు. ఒకరి దగ్గర విరిగిన ప్లేటుకు మరొకరి దగ్గర మంచి ప్రతి దొరికింది.

ఇది కేవలం పాతకాలపు ముచ్చట కాదు, శ్రమతో కూడిన పని. ప్లేటు మీద చెక్కిన సంఖ్యను బట్టి ముద్రించిన కాలం నిర్ణయించాలి. గాడికి సరిపోయే ముల్లు ఎన్నుకోవాలి. తొలినాటి ప్లేట్లన్నీ ఖచ్చితంగా 78 చుట్లవి కావు. 78 చుట్లదాన్ని 74 దగ్గర తిప్పితే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం దిగజారుతుంది, గొంతే మారిపోతుంది. తాళపత్ర ప్రతుల్లో పాఠ నిర్ణయం చేసే పరిష్కర్తకు ఎంత జాగ్రత్త కావాలో ఇక్కడా అంతే కావాలి.

ఈ సముదాయంలో రెండు ధోరణులు ఉన్నాయి. ప్లేటును అరుదైన వస్తువుగా చూసి, ధర పెంచి, బీరువాలో తాళం వేయడం ఒకటి. దొరికినదాన్ని వివరాలతో సహా అందరికీ వినిపించడం రెండోది. మొదటిది ఆస్తి, రెండోదే వారసత్వం. హక్కుల వివాదం కూడా ఇక్కడే వస్తుంది. పాత ప్లేట్లను ఉచితంగా వినిపిస్తున్న ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద 2023లో అమెరికాలో పెద్ద సంగీత కంపెనీలు దావా వేశాయి; 2025లో అది రాజీతో ముగిసింది. మన చట్టం ప్రకారం శబ్దముద్రణ మీద హక్కు, ప్రచురించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. అంటే 1965కు ముందు మన దేశంలో వెలువడిన ప్లేట్ల విషయంలో ఆ గడువు తీరిపోయింది. రచన మీద, స్వరకల్పన మీద హక్కులు వేరుగా చూసుకోవాలి. ఆ సంగతి తెలియక భయపడి మూసిపెట్టడం గాని, ఇష్టం వచ్చినట్లు పేర్లు తీసేసి పంచడం గాని రెండూ తప్పే.

మనం చేయవలసినవి చిన్న పనులే. పాత ఇళ్లు కూల్చేటప్పుడు ప్లేట్ల పెట్టె తుక్కు కింద పోకుండా చూడాలి. దొరికిన ప్రతి ప్లేటు లేబులునూ సంఖ్యతో సహా నమోదు చేయాలి. నాటక సాహిత్యం మీద పరిశోధించే విద్యార్థి ముద్రిత ప్రతితో పాటు ప్లేటులోని పాఠాన్నీ పోల్చాలి. ఆ జాబితా పక్కనే మరొక జాబితా కూడా రాయాలి: తన ప్రాంతంలో ఆనాడు పాడుతూ ఉండి, ఏ కంపెనీ యంత్రం ముందుకూ పిలుపు రాని గాయకులది. వాళ్లను విన్న వృద్ధులు కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ రెండో జాబితాకు గడువు తక్కువ.