పరీక్ష వేఱు, నిరూపణ వేఱు

1927 ఆగస్టులో బెల్ ప్రయోగశాలల ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ ఒక ఉపాయము కనుగొనెను: వర్ధకము వెలువరించు సంకేతములో కొంత వెనుకకు మళ్లించి, దాని దోషమును దానిచేతనే దిద్దించుట. టెలిఫోను మాట తేటపడెను. కాని కొన్ని వర్ధకములు తమంత తామే కూతపెట్టసాగెను. ఏది కూయునో కట్టి చూచినగాని తెలియదు. 1932లో హారీ నైక్విస్ట్ వక్రరేఖ గీచి ముందే తీర్పుచెప్పు మార్గము చూపెను.

1973లో బర్కిలీనుండి వెలువడిన స్పైస్ అను కంప్యూటరు ప్రోగ్రాము, వలయమును కట్టకయే నడిపి చూపెను. అయినను మనము అడిగిన సందర్భములకే అది బదులిచ్చును. సున్న, ఒకటి మాత్రమే ఎఱిగిన వలయమునకు స్థితులు పరిమితములు. ఎడతెగక మాఱు వోల్టేజికి అవి అనంతములు. వేయి పరీక్షలు నెగ్గినను వేయిన్నొకటవది మిగిలియుండును. అందుచే నేటి పరిశోధకులు విడివిడి విలువలను విడిచి, విలువల మేరలనే గణించి, వలయము దోషస్థితికి చేరదని నిరూపించుచున్నారు. చిన్న వలయములకు ఇది సాధ్యము. పెద్దవానిలో మనమింకను పరీక్షలనే నమ్ముకొనవలసియున్నది.