చేతినుంచి చేతికి వచ్చిన విద్య

అబుదాబి నగరానికి పడమరగా, సముద్రం ఒడ్డున, సుమారు 240 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది రువైస్. 1980ల మొదట్లో ఇక్కడ చమురు శుద్ధి కర్మాగారం మొదలైంది. దాని చుట్టూ పెట్రో రసాయనాల ఫ్యాక్టరీలు, వాటిలో పనిచేసేవారి కోసం కాలనీలు, క్యాంపులు వచ్చాయి. ఇటువంటి ఊళ్ళో ఎముకల డాక్టరు లేకపోతే రోజు గడవదు. పరంజా మీద నుంచి జారినవాడికీ, చేతి మీద పైపు పడినవాడికీ, సెలవు రోజు క్రికెట్ ఆడబోయి మోకాలు తిప్పుకున్న నలభై దాటిన ఇంజనీర్లకీ ఆయనే దిక్కు.

ఆ డాక్టరు తెలుగువాడని తెలిస్తే మనం అడిగే మొదటి ప్రశ్న, "ఏ ఊరండీ మీది?" రెండోది, "ఎక్కడ చదివారు?" గల్ఫులో ఏ తెలుగు డాక్టరుని అడిగినా గుంటూరనో, కర్నూలనో, ఉస్మానియా అనో కాలేజీ పేరు వస్తుంది. తరువాత ఎమ్మెస్ అంటారు. ఆపైన "ఫలానా చోట ఫెలోషిప్ చేశాను" అని ఒక మాట చేరుస్తారు. ఎంబీబీఎస్, ఎమ్మెస్ మనకు తెలిసినవే. అన్ని పరీక్షలూ పాసయ్యాక మళ్ళీ ఈ శిష్యరికం ఏమిటి? నేను కంప్యూటర్ల వాడిని. మా వృత్తిలో డిగ్రీ చేతికొచ్చిన మర్నాడే ప్రోగ్రాములు రాసేస్తాం. అందుకే ఈ మాట నన్ను పట్టుకుంది. దాని చరిత్ర వెతుకుతూ పోతే అది పుత్తూరు, లివర్‌పూల్, పంజగుట్టల మీదుగా తిరిగి రువైస్ లాంటి ఊరికే వచ్చింది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళు. ఎముకల శస్త్రచికిత్సలో ఎమ్మెస్ మరో మూడేళ్ళు. అక్కడికి అతను అన్ని రకాల ఎముకలకూ వైద్యం చేయగల సర్జన్. కానీ వెన్నుపూసల మధ్య స్క్రూ బిగించడం, అరిగిన తుంటికీలు తీసి కొత్తది అమర్చడం, నలిగిపోయిన చేతిలో నరాన్నీ రక్తనాళాన్నీ కుట్టడం వేటికవే వేరు విద్యలు. ఆ ఒక్క పనే రోజూ చేసే గురువు పక్కన ఆరు నెలలో, ఏడాదో, రెండేళ్ళో నిలబడి నేర్చుకోవడమే ఫెలోషిప్. మొదట గురువు చేస్తుంటే చూస్తాడు. తరువాత చేయి అందిస్తాడు. ఆపైన గురువు ఎదుట నిలబడి చూస్తుంటే తానే చేస్తాడు. చివరికి గురువు పక్కగదిలో ఉండగా చేస్తాడు. మన సంగీతంలోనూ, శిల్పంలోనూ ఉన్న గురుకుల పద్ధతే ఇది. కాకపోతే ఇక్కడ అపస్వరం పడితే నష్టపోయేది రోగి.

ఈ పద్ధతి ఆసుపత్రులలో పుట్టింది కాదు. పుత్తూరు పేరు వినని తెలుగువారుండరు. 19వ శతాబ్దం చివరి నుంచీ అక్కడ ఒక రాజుల కుటుంబం ఎముకలు అతికిస్తోంది. పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు వారి సరంజామా. తండ్రి చేతి కింద కొడుకు, పెదనాన్న చేతి కింద తమ్ముడి బిడ్డ నేర్చుకున్న విద్య అది. మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి కూడా జనం బస్సులెక్కి వచ్చేవారు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా, లోపల రక్తనాళం తెగినా ఆ కట్టు చాలదు. ఆలస్యమైతే కాలే పోవచ్చు. అది నిజమే. అయినా వేళ్ళతో తడిమి విరుపు జాడ పట్టుకోవడం వారు పుస్తకంలో చదివి నేర్చింది కాదు.

సరిగ్గా ఇటువంటి కుటుంబమే బ్రిటన్‌లోనూ ఉండేది. వేల్స్ దేశపు ఆంగ్లెసీ ద్వీపం నుంచి తరతరాలుగా కట్లు కట్టుకుంటూ వచ్చిన వంశంలో ఎవన్ థామస్ అనే ఆయన లివర్‌పూల్ చేరి వైద్యం సాగించాడు. పట్టాలున్న డాక్టర్లు ఆయన్ని కోర్టుకీడ్చారు. విసిగిపోయిన ఎవన్ తన అయిదుగురు కొడుకులనూ వైద్యకళాశాలకు పంపాడు. వారిలో హ్యూ ఓవెన్ థామస్ (1834-1891) తండ్రి చేతి నేర్పునీ, కాలేజీ శాస్త్రాన్నీ కలిపాడు. ఆదివారాలు పేదలకు ఉచితంగా చూసేవాడు. విరిగిన తొడ ఎముకను కదలకుండా నిలిపే ఇనుప చట్రాన్ని రూపొందించాడు. దాన్నే ఇవాళ్టికీ థామస్ స్ప్లింట్ అంటారు. ఆయన ఇంట్లో ఉండి పెరిగిన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ (1857-1933) ఆ విద్యను ప్రపంచానికి అందించాడు.

ఇక్కడే నాకు రువైస్ గుర్తుకొచ్చింది. 1887 నుంచి 1894 వరకు మాంచెస్టర్ నగరానికి సముద్రపు ఓడలు వచ్చేలా 58 కిలోమీటర్ల కాలువ తవ్వారు. పలుగూ పారా, ఆవిరి యంత్రాలూ పట్టుకుని వేలాది కూలీలు పనిచేశారు. మట్టిపెళ్ళలు విరిగిపడేవి. ట్రాలీలు బోల్తా కొట్టేవి. 1888లో అక్కడ వైద్యాధికారిగా చేరిన రాబర్ట్ జోన్స్ కాలువ పొడవునా మూడు ఆసుపత్రులు, మధ్యమధ్య ప్రథమ చికిత్స కేంద్రాలు నడిపాడు. దెబ్బ తగిలిన మనిషిని తగిన చేతుల దగ్గరికి త్వరగా చేర్చే పద్ధతి, ఈనాడు మనం ట్రామా వ్యవస్థ అని పిలిచేది, అక్కడ ఒక రూపానికి వచ్చింది. ఆ అనుభవమే మొదటి ప్రపంచయుద్ధంలో పనికొచ్చింది. థామస్ స్ప్లింటు వాడకం మొదలయ్యాక తొడ ఎముక విరిగిన సైనికుల మరణాలు బాగా తగ్గాయి. యుద్ధంలో ఎందరో ప్రాణాలు కాపాడిన ఆ విద్య మెరుగుపడింది కాలువ కూలీల విరిగిన కాళ్ళ మీద.

1920లలో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం ఎముకల శస్త్రచికిత్సకు ప్రత్యేకంగా ఒక మాస్టర్స్ డిగ్రీ పెట్టింది. మన దేశపు తొలితరం ఎముకల సర్జన్లలో చాలామంది ఆ డిగ్రీ కోసం ఓడెక్కినవారే. తిరిగొచ్చి ఒక్కొక్కరు ఒక్కో నగరంలో విభాగాలు తెరిచారు. 1955లో భారతీయ ఆర్థోపెడిక్ సంఘం ఏర్పడింది. అయినా చాలాచోట్ల జనరల్ సర్జనే ఎముకలూ చూసేవాడు. విరిగితే పిండికట్టు వేసి పంపడమే వైద్యం.

తెలుగునేల మీద కేవలం ఎముకల కోసమే ఒక పెద్ద ఆసుపత్రి వచ్చింది 1964లో. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ధర్మనిధి సొమ్ముతో హైదరాబాదు పంజగుట్టలో, ఎర్రమంజిల్ పక్కన, నిజామ్స్ ఆర్థోపెడిక్ ఆసుపత్రి కట్టారు. పోలియో రోజులవి. ఊరూరా కాళ్ళీడ్చుకుంటూ నడిచే పిల్లలుండేవారు. హైదరాబాదు పాతకాపులు ఇప్పటికీ నిమ్స్‌ని "నిజామ్స్ ఆసుపత్రి" అనే అంటారు.

ఆ ఎముకల ఆసుపత్రిని అన్ని విభాగాలున్న సంస్థగా మార్చిన పెద్దమనిషి మన ప్రవాస సంఘాలకు బాగా తెలిసినవారే. కృష్ణాజిల్లా పెదముత్తేవిలో 1925లో పుట్టిన డాక్టర్ కాకర్ల సుబ్బారావు విశాఖ ఆంధ్ర వైద్యకళాశాలలో చదివారు. అమెరికా వెళ్ళి రేడియాలజీ నేర్చుకుని వచ్చి హైదరాబాదులో పాఠం చెప్పారు. మళ్ళీ అమెరికా వెళ్ళి న్యూయార్కులో ప్రొఫెసరయ్యారు. ఎక్స్‌రేలో ఎముకను చదవడం ఆయన ప్రత్యేకత. తానా మొదటి అధ్యక్షులు కూడా ఆయనే. 1980ల మధ్యలో ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు పిలిస్తే అక్కడి ఉద్యోగం వదిలి వచ్చి నిమ్స్ బాధ్యత తీసుకున్నారు. 1989లో శాసనసభ చట్టంతో ఆ సంస్థకు విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. 2000లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2021లో కన్నుమూశారు. ఆయన అమెరికా నుంచి తెచ్చిన యంత్రాల కంటే అక్కడ కొలువుదీర్చిన శిక్షణ పద్ధతి ఎక్కువ కాలం నిలిచిందని నాకనిపిస్తుంది.

శిక్షణ ఉన్న ఆసుపత్రికి ఇంకో గుణం ఉంటుంది. ప్రశ్నలు అడిగేవాళ్ళు అక్కడ పోగవుతారు. హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలలో అబ్దుల్ కలాం పనిచేసే రోజుల్లో నిమ్స్ నుంచి వెళ్ళిన ఒక ఎముకల సర్జన్ అక్కడి పదార్థాన్ని చేత్తో ఎత్తి, అది అంత తేలిగ్గా ఉండడం చూసి ఆశ్చర్యపోయాడట. వెంటనే కలాంను తన వార్డుకు తీసుకెళ్ళి, ఒక్కొక్కటి మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు మోసుకుంటూ కాళ్ళీడుస్తున్న పిల్లల్ని చూపించాడు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. కలాం తరువాతి రోజుల్లో ఎన్నో సభల్లో ఈ సంగతి చెప్పుకుని మురిసిపోయేవారు.

ఇంతకీ గురువు పక్కన నిలబడి నేర్వకపోతే ఏమవుతుంది? దీనికి జవాబు ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ కథలో ఉంది. లాంకషైర్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో ఆయన అరిగిన తుంటికీళ్ళను మార్చే పని మొదలుపెట్టాడు. మొదట గిన్నెకు టెఫ్లాన్ వాడాడు. సుమారు 300 మందికి అమర్చాక, కొద్ది సంవత్సరాల్లోనే అవి అరిగిపోవడం మొదలైంది. ఆ గిన్నెలను తానే మళ్ళీ తీయవలసి వచ్చింది. 1962లో గట్టి రకం పాలిథిన్‌తో చేసినది నిలబడింది. అందరూ అది కావాలన్నారు. చార్న్‌లీ మాత్రం రైటింగ్టన్ వచ్చి పని చూసి నేర్చుకున్న సర్జన్లకే దాన్ని అమ్మాలని చాలాకాలం పట్టుబట్టాడు. వస్తువు కొనుక్కున్నంత మాత్రాన విద్య రాదని ఆయనకు అనుభవం నేర్పింది.

ఆ తరువాత కొన్ని దశాబ్దాలపాటు మన కుర్రవాళ్ళు ఇంగ్లండు బాట పట్టారు. అక్కడ కొన్నేళ్ళు పనిచేసి హైదరాబాదు తిరిగొచ్చి కీళ్ళమార్పిడిలో పేరు తెచ్చుకున్న గురవారెడ్డి గారి "గురవాయణం" మనలో చాలామంది ఇళ్ళల్లో ఉండే ఉంటుంది. అటువంటివారు తిరిగి రావడంవల్లనే పరిస్థితి మారింది. ఇప్పుడు వెన్నుకీ, చేతికీ, కీళ్ళమార్పిడికీ జాతీయ పరీక్షల మండలి రెండేళ్ళ ఫెలోషిప్పులు ఇస్తోంది. ఒకప్పుడు లివర్‌పూల్ వెళ్ళి తెచ్చుకున్న విద్య ఇప్పుడు హైదరాబాదులోనే దొరుకుతుంది.

మరి గల్ఫు సంగతి? 1960లో అల్ ఐన్‌లో షేక్ జాయెద్ ఆహ్వానం మీద కెనెడీ దంపతులు ఒయాసిస్ ఆసుపత్రి తెరిచే నాటికి ఈ ప్రాంతంలో ఆసుపత్రులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 1971లో దేశం ఏర్పడింది. 1980లలో సొంత వైద్యకళాశాల వచ్చింది. ఇటీవల ఎమిరేట్స్ తన స్పెషలిస్టులకు తానే శిక్షణ ఇచ్చుకోవడం మొదలుపెట్టింది. ఈ మధ్యకాలమంతా ఇక్కడి ఆపరేషన్ బల్లల దగ్గర నిలబడిన చేతుల్లో చాలా చేతులు మరోచోట తయారై వచ్చినవి. లైసెన్సు ఇచ్చేటప్పుడు ఇక్కడివారు డాక్టరుని స్పెషలిస్టా, కన్సల్టెంటా అని మెట్లుగా చూస్తారు. చేసిన శిక్షణనూ, పనిచేసిన ఏళ్ళనూ కాగితాల మీద సరిచూస్తారు. మంచిదే. కానీ ఆ కాగితం మీద లేని పేరొకటి ఉంది.

అది రోగి పేరు. మన సర్జన్ ఎవరి ఎముక మీద నేర్చుకున్నాడు? ఉస్మానియాలోనో, విశాఖ కింగ్ జార్జ్‌లోనో, కర్నూలు పెద్దాసుపత్రిలోనో ఉచిత వార్డులో పడుకున్న మనిషి ఎముక మీద. దేశంలోని ఆనకట్టల పనులకు ముఠాలుగా తరలిపోయిన పాలమూరు కూలీలు, లారీ కింద పడ్డ రైతులు, చెట్టు మీద నుంచి జారిన గీతకార్మికులు ఆ వార్డుల్లో పడుకున్నారు. డబ్బున్నవాడు పెద్ద డాక్టరే చేయాలని అడుగుతాడు. లేనివాడి దగ్గరే కుర్ర డాక్టరు నేర్చుకుంటాడు. గురువు పక్కన ఉంటాడు కనుక రోగికి అన్యాయం జరగదు. ఆ పక్కన నిలబడడానికే కదా ఈ వ్యవస్థంతా! అయినా ఆ నేర్పుకి పెట్టుబడి పెట్టినవాళ్ళలో ఆ రోగీ ఉన్నాడు.

మాంచెస్టర్ కాలువ కూలీ, పాలమూరు కూలీ, కరీంనగర్ నుంచి గల్ఫుకొచ్చి పరంజా ఎక్కిన కూలీ. ఈ ముగ్గురూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. మొదటివాడి కాలు మీద మెరుగైన విద్య రెండోవాడి కాలు మీద మన డాక్టరుకి అబ్బింది. మూడోవాడి కాలు నిలబెట్టింది. మధ్యలో మేడలు, ఉద్యోగాలు, పట్టాలు అన్నీ మనలాంటి చదువుకున్నవాళ్ళకు దక్కాయి.

అందువల్ల డాక్టర్లందరూ వెనక్కి వెళ్ళిపోవాలని నేననను. నేనూ ఇక్కడికొచ్చి బతుకుతున్నవాడినే. ఇక్కడి క్యాంపుల్లో ఉన్నవారికీ మంచి సర్జన్ కావాలి. కానీ అప్పు తీర్చడానికి శాశ్వతంగా వెళ్ళిపోవడం ఒక్కటే దారి కాదు. విదేశాల్లో ఒక ప్రత్యేక విద్యలో చేయితిరిగిన సర్జన్లు మనలో చాలామంది ఉన్నారు. సెలవులో ఊరెళ్ళినప్పుడు ఒక ఉచిత శిబిరం పెట్టి వెయ్యిమందిని చూస్తే ఆ రోజుకి వెయ్యిమందికి మేలు. అదే వ్యవధిలో ఒక జిల్లా ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ఇద్దరు కుర్ర సర్జన్లను పక్కన నిలబెట్టుకుని నేర్పితే ఆ మేలు ముప్పై ఏళ్ళు సాగుతుంది. మన సంఘాలు శిబిరాలకు పెట్టే ఖర్చులో కొంత ఇలాంటి రాకపోకలకు కేటాయిస్తే బాగుంటుంది.

ఈసారి తెలుగు సర్జన్ ఎవరైనా కనిపిస్తే "ఎక్కడ చదివారు?" అన్న ప్రశ్న దగ్గర ఆగకండి. "ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఇప్పుడు ఎవరికి నేర్పుతున్నారు?" అని కూడా అడగండి.